పిట్టల కర్టెన్

ప్రిన్సిపాల్ గది,
మధ్యాహ్నం బెల్లు కొట్టాక

ఛోటీకి,

అస్సలాము అలైకుం.

ఫోన్లో నువ్వు అరుస్తావు, నేను మధ్యలో పెట్టేస్తాను, ఆ తర్వాత ఇద్దరం విడివిడిగా అమ్మీ చెవులు కొరికేస్తాం. అందుకే ఆవిడ విసిగిపోయి, "ఇకమీదట తిట్టుకోవాలంటే కాగితం మీద తిట్టుకోండి, నన్ను మాత్రం వదిలెయ్యండి" అని మన దగ్గర మాట తీసుకుంది. సరే, నాకేం నష్టం లేదు. కాగితం మీదైతే నువ్వు ఏడ్చి గెలవలేవు.

విషయానికొస్తాను. నీ ముద్దుల కూతురు బుల్‌బుల్‌ని స్కూలు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టి ఏడాది దాటింది. ఎందుకూ? ఎవరో టీచరమ్మ "మొద్దు" అన్నదట. టీచర్లు అంటారమ్మా. నేను రోజూ అంటాను. నా స్కూలు పిల్లలెవరూ ఇంతవరకూ కందిపోలేదు. నువ్వు మాత్రం తగుదునమ్మా అని పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటి వచ్చేశావు. ఆ టీచరు చెప్పిందేమిటి? బోర్డు మీద రాసింది పుస్తకంలోకి ఎక్కించమంటే పిల్ల గుడ్లప్పగించి కూర్చుంటోందని. దానికి మందు స్కూలు మాన్పించడమా?

నువ్వేమో డిగ్రీ మధ్యలో వదిలేసినదానివి. మీ ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మీరిద్దరూ కలిసి నడుపుతున్న విశ్వవిద్యాలయంలో బ్లాక్‌బోర్డు ఏమిటో అమ్మీ చెప్పింది. పాత ఫ్రిజ్ తలుపు! నవ్వాలో ఏడవాలో తెలియక టీ తెప్పించుకుని తాగాను.

ఒక మాట చెప్తాను, విను. బుల్‌బుల్‌ని రెండు వారాలు నా దగ్గరికి పంపు. నా స్కూల్లో రెండో తరగతిలో కూర్చుంటుంది. తోటి పిల్లలతో సమానంగా నెట్టుకొచ్చిందా, నేను జన్మలో ఈ ఊసెత్తను. రాలేదా, వచ్చే టర్మ్ నుంచి నా ఇంట్లో ఉండి నా స్కూల్లోనే చదువుతుంది. నీతో వాదించే ఓపిక లేక మీ ఆయన్నే అడిగాను. "సరే ఆపా, మాటంటే మాట" అన్నాడు. మీ ఇంట్లో ఒక్కరికైనా బుర్ర పనిచేస్తున్నందుకు అల్‌హందులిల్లాహ్.

మీ ఆపా


వంటింటి గట్టు మీద నుంచి

ఆపాకి,

వ అలైకుం అస్సలాం. సలాం పెట్టావు కాబట్టి జవాబిచ్చాను. మిగతా ఉత్తరానికి ఆ అర్హత లేదు.

నా వెనకాల నా మొగుడి దగ్గర మాట తీసుకోవడం ఏ స్కూల్లో నేర్పిస్తారు? ఆయన అమాయకుడు. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒక చేత్తో కంప్రెసర్ పట్టుకుని ఉన్నాడట, త్వరగా పెట్టేస్తావని "సరే" అన్నాడట. ఇప్పుడు "ఇచ్చిన మాట తప్పితే ఏం బాగుంటుంది" అని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మగాళ్ళ నిజాయితీ ఎప్పుడూ ఆడాళ్ళ ప్రాణం మీదికే వస్తుంది.

అవును, ఫ్రిజ్ తలుపే. తెల్లగా, పెద్దగా ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. నీ స్కూల్లో సుద్దపొడికి పిల్లలు తుమ్మి చస్తుంటారు. నా కూతురు ఆ తలుపుకి ముక్కు ఆనించి నిలబడి ఎంత శ్రద్ధగా రాస్తుందో నువ్వు చూడాలి. కూడికలు వాళ్ళ అబ్బా స్క్రూల డబ్బాతో చేస్తుంది. పొద్దున ఫజ్ర్ నమాజ్ అయ్యాక నా పక్కన కూర్చుని ఖురాన్ తెరుస్తుంది చూడు, మాషా అల్లాహ్, పేజీకి పెదవులు తగులుతాయేమో అన్నంతగా వంగిపోతుంది. వంగమని నేను చెప్పలేదు. ఆ అదబు, ఆ వినయం తనంతట తనకే వచ్చింది. కథల పుస్తకమైనా అంతే, తల దించితే ఎత్తదు. అక్షరం అంటే అంత గౌరవం నా బిడ్డకి. నీ స్కూలు పిల్లలు పుస్తకాలతో ఈగలు కొడతారు, నేను కళ్ళారా చూశాను.

ఇక జ్ఞాపకశక్తి అంటావా, ఒక్కసారి వింటే చాలు. మొన్న రేడియోలో వచ్చిన వార్తలు మొత్తం సాయంత్రం వాళ్ళ అబ్బాకి అప్పజెప్పింది. అలాంటి పిల్లని మొద్దు అన్నవాళ్ళకి, అది విని తలాడించిన నీకు, ఏం చెప్పినా దండగే.

పంపిస్తున్నాను. ఓడిపోతావని తెలిసే పంపిస్తున్నాను. వేడి పాలు మీగడ తీసి ఇవ్వు. సాయంత్రం మగ్రిబ్ నమాజ్ అయ్యాక దాని తల దువ్వాలి. దువ్వేటప్పుడు నీ పాఠాలు చెప్పి దాన్ని హింసపెట్టకు.

ఛోటీ


డైనింగ్ టేబుల్,
నీ కూతురు ఎదురుగా కూర్చుని పాలు తాగుతుండగా

ఛోటీకి,

మీగడ తీశాను. తల దువ్వాను. ఇక నిజం చెప్పనా?

నీ బుల్‌బుల్ అసెంబ్లీలో నిలబడి ఖురాన్ సూరా చదివితే స్కూలంతా నోరు తెరుచుకుని విన్నది. అది ఒప్పుకుంటాను, నాకేం ఈర్ష్య లేదు. కానీ తరగతిలో కథ వేరు. కొత్తగా వచ్చింది కాబట్టి ఆఖరి వరసలో చోటిచ్చాం. బోర్డు మీద లెక్క వేస్తే చెయ్యదు. మాటలు రాస్తే ఎక్కించదు. పక్క పిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తుంది. టీచరు "అక్కడేం రాసుందో చదువు" అంటే బోర్డు వంక కాకుండా టీచరు నోటివంక చూస్తుంది. పుస్తకం ఇస్తే బల్ల మీద పడుకుని గొణుగుతుంది. నిటారుగా కూర్చో అంటే అంతటితో మాట బంద్. ఇదేనా నువ్వు డబ్బా కొట్టుకున్న అదబు? దీన్ని మా స్కూల్లో గూని అంటారు.

ఒకవేళ కళ్ళేమైనా తేడానా అని నువ్వు వంక వెతుకుతావని తెలుసు. నేను నీలా గాల్లో మాట్లాడను. మొన్ననే కళ్ళ డాక్టరు వచ్చి స్కూల్లో పిల్లలందరినీ వరసగా అక్షరాల అట్ట ముందు నిలబెట్టాడు. నీ కూతురు వరస చివర్లో ఉంది. తన వంతు రాగానే పైనుంచి కింద వరకూ గడగడా చదివేసింది, ఒక్క తప్పు లేదు! డాక్టరు భుజం తట్టి పంపించాడు. అంటే ఆ అట్ట కనిపిస్తుంది, దాని పక్కనే ఉన్న బోర్డు మాత్రం కనిపించదా? దీన్ని ఏమంటారో నాకు తెలుసు. పొగరంటారు. నచ్చితే చేస్తుంది, నచ్చకపోతే చెయ్యదు. ఇంట్లో రాణీగారిలా పెంచితే ఇలాగే తయారవుతారు.

ఇంకోటి. పిల్ల వస్తుందని వెనక గది కడిగించి, బుల్‌బుల్ కదా అని ఏరికోరి పిట్టల బొమ్మలున్న కర్టెన్ వేశాను. మంచం మీద నుంచి చూసి ఏమందో తెలుసా? "చుక్కలు బాగున్నాయి ఖాలా" అంది. చుక్కలట! ఈ వెటకారం నీ పోలికే, అనుమానం లేదు.

కాబట్టి తీర్పు ఇది. వచ్చే టర్మ్ నుంచి ఇక్కడే. రెండో తరగతికి పనికిరాదు, ఒకటిలో చిన్నపిల్లలతో కూర్చుంటుంది. పొగరు దిగాక పైకి పంపిస్తాను.

ఆపా


ఫ్రిజ్ తలుపు ఎదురుగా

ఆపా,

సలాం కూడా పెట్టబుద్ధి కావడం లేదు, అల్లాహ్ క్షమించుగాక.

పిల్ల ఇంటికొచ్చి రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. మూడో రోజు "అమ్మీ, నేను మంచిదాన్ని కాదా?" అని అడిగింది. ఏం చేశావే నా బిడ్డని? రెండు వారాల్లో ఇంత ఘనకార్యం చేశావంటే, ఇన్నేళ్ళలో ఎంతమందిని ఉద్ధరించి ఉంటావో!

పొగరా? నా బిడ్డకా? ఇంటికొచ్చిన వాళ్ళ చెప్పులు సర్దే పిల్లకి పొగరా? వెటకారమా? ఎనిమిదేళ్ళు నిండని పిల్ల నీ కర్టెన్ చూసి చుక్కలంటే నీ పరువు పోయిందా? నీకు కర్టెన్‌ని పొగిడేవాళ్ళు కావాలి, టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చుని పాలు తాగేవాళ్ళు కావాలి. స్కూలు పేరు చెప్పి అడగడమెందుకు, సూటిగానే అడగొచ్చుగా. నీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందని అది నిండడానికి నా కూతుర్ని ఇవ్వాలా?

ఒకటో తరగతిలో కూర్చోబెడతావా! అది కథల పుస్తకాలు నమిలి మింగేసింది. కావాలంటే వచ్చి, నా పక్కన, నా చాప మీద కూర్చుని చదివించు. రాలేవు. నీ కుర్చీకి చాప మీదికి దిగడం చాతకాదు.

ఈయనేమో ఇంకా "మాట, మాట" అనే అంటున్నాడు. మాట ఇచ్చింది ఆయన, తీసుకుంది నువ్వు, మధ్యలో సూట్‌కేసు సర్దుకునేది నా పిల్ల. బాగుంది మీ న్యాయం.

ఛోటీ


ప్రధానోపాధ్యాయురాలి కార్యాలయం

విద్యార్థిని తల్లిగారికి,

మీ ఉత్తరం అందింది. ఖాళీ గది గురించి మీరు రాసిన వాక్యాన్ని చదివాను. దానికి జవాబు రాయవలసిన అవసరం కనిపించడం లేదు.

మీ కుమార్తెకు ఒకటో తరగతిలో సీటు కేటాయించబడినది. టర్మ్ మొదటి రోజు ఉదయం మొదటి బెల్లుకు ముందు తండ్రిగారు తీసుకురావలసినదిగా కోరడమైనది. యూనిఫాం ఇక్కడే కుట్టించబడును. కొలతలు మా వద్ద ఉన్నవి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు


మేడ మెట్ల మీద నుంచి

ఆపా,

అస్సలాము అలైకుం.

నీ ఆఫీసు ఉత్తరానికి అంతే ఘాటుగా ఒకటి రాసి పెట్టుకున్నాను. చించేశాను. ఇది పూర్తిగా చదువు. మధ్యలో పక్కన పెట్టకు.

నిన్న ఉపవాసాల నెలకి నెలవంక చూడటానికి అందరం మేడెక్కాం. బుల్‌బుల్ సూట్‌కేసు అప్పటికే సర్ది తలుపు పక్కన ఉంది. పై వాటా వాళ్ళూ, పక్కింటి దర్జీ కుటుంబం కూడా వచ్చారు. మగ్రిబ్ అయింది, అందరం పడమరకేసి కళ్ళు చికిలించుకుని చూస్తున్నాం. దర్జీ కొడుకు "అదిగో!" అన్నాడు. అందరం "కనిపించింది, కనిపించింది" అన్నాం. బుల్‌బుల్ కూడా "కనిపించింది" అని చేతులెత్తి దువా చేసింది. ప్రతినెలా చేస్తుంది. అందరికంటే ముద్దుగా చేస్తుంది.

వాళ్ళ అబ్బా మర్నాడు దాన్ని వదిలి రావాలి కదా, మనసు ఆగలేదు. ఎత్తుకుని "ఏదీ, నా తల్లికి ఎక్కడ కనిపించింది, అబ్బాకి చూపించు" అన్నాడు. అది తూర్పువైపు తిరిగి నీళ్ళ ట్యాంకు మీద బల్బు చూపించింది. దర్జీ పిల్లలు పకపకా నవ్వారు. "సరిగ్గా చూపించవే" అన్నాను. మళ్ళీ బల్బే చూపించింది.

ఆపా, ఆ క్షణం నువ్వు రాసిందే నా నోటికొచ్చింది. పదిమందిలో వేళాకోళమా, ఏం పొగరే నీకు అన్నాను. దాని భుజం పట్టుకుని కుదిపాను కూడా. అది భయపడిపోయి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అది అందరూ కలిసి అనే మాట కదా అమ్మీ? నమాజ్ అయిపోయేటప్పుడు కుడివైపు, ఎడమవైపు తిరిగి భుజాల మీదుండే ఫరిష్తాలకి సలాం చెప్తాం. వాళ్ళు కనిపించరు కదా. చంద్రుడు కూడా అలాగే అనుకున్నా. కనిపించడు, కానీ కనిపించాడని చెప్పాలి."

ఈయన దాన్ని ఎత్తుకున్నవాడు అలాగే కిందకి దిగిపోయాడు. పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పరీక్ష చేసి, జానెడు దూరం దాటితే ఈ పిల్లకి అంతా అలుక్కుపోయినట్టే ఉంటుంది, ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరూ చూడలేదా అని నా మొహాన్నే అడిగాడు. ఏం చెప్పను? వంగి చదువుతుంటే భక్తి అని మురిసిపోయాను, దిష్టి తగలకుండా మాషా అల్లాహ్ అనుకున్నానని చెప్పనా? చీ, నా తెలివి తగలెయ్య.

నీ తెలివి కూడా అక్కడే తగలెయ్య. అట్ట గడగడా చదివిందన్నావే, ఎలా చదివావే అని దాన్నే అడిగాను. "ముందున్నవాళ్ళంతా అదే చదివారు కదా అమ్మీ, వినీ వినీ వచ్చేసింది. అది పాఠం అనుకున్నా" అంది. వరస చివర్లో నిలబెట్టింది ఎవరు? ఇన్నేళ్ళ అనుభవం, గోడనిండా సర్టిఫికెట్లు, ఇదీ నిర్వాకం!

కళ్ళద్దాలు రేపు వస్తాయి. సూట్‌కేసు తలుపు దగ్గరే ఉంది. ఈయన నీ మాట కోసం చూస్తున్నాడు. నేను బతిమాలను. కానీ పిల్లని పంపాలో వద్దో చెప్పు.

ఛోటీ


రెండో తరగతి గది,
ఆఖరి వరస

ఛోటీకి,

వ అలైకుం అస్సలాం.

పిల్లలు వెళ్ళిపోయాక వచ్చి బుల్‌బుల్ కూర్చున్న చోట కూర్చున్నాను. బెంచీ ఇరుకు, మోకాళ్ళు పట్టలేదు, నువ్వు చూస్తే సంతోషించేదానివి. కళ్ళద్దాలు తీసి బోర్డుకేసి చూశాను. నల్లగా ఉంది, అంతే. దాని మీద ఉన్న లెక్క పొద్దున నేను వేసిందే. ఇన్నేళ్ళుగా కళ్ళద్దాలు పెట్టుకుంటున్న మనిషిని, ఒక పిల్ల నోటివంక ఎందుకు చూస్తోందో నాకు తట్టలేదంటే, ప్రిన్సిపాల్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టినవాళ్ళకి సిగ్గుండాలి. నాకు ఉంది.

టీచర్ని పిలిచి అడిగాను. "బోర్డు కనిపించలేదని పిల్ల ఎప్పుడైనా చెప్పిందా?" అని. లేదంది. కనిపించడం అంటే ఏమిటో తెలిస్తే కదా కనిపించలేదని చెప్పడానికి. డాక్టర్ని మళ్ళీ రమ్మన్నాను. ఈసారి ఒక్కొక్కరినీ గదిలోకి విడిగా పంపిస్తారు, మిగతావాళ్ళు గ్రౌండులో ఉంటారు.

నీ మొగుణ్ణి పిలిచి చెప్పు, ఆయన మాట నాకొద్దు, వెనక్కి తీసుకోమను. సూట్‌కేసు విప్పెయ్యండి.

అంతమాత్రాన నువ్వు గెలిచావని గంతులెయ్యకు. ముక్కు పుస్తకంలో పెట్టుకుని చదివే పిల్లని ఏడాదిపాటు పక్కనే కూర్చోబెట్టుకుని కనిపెట్టలేని తల్లి బడి పెట్టుకుందంటే నాకు ఇంకా నవ్వే వస్తోంది. రెండు వారాల్లో నేను కనిపెట్టలేదు, సంవత్సరంలో నువ్వు కనిపెట్టలేదు. లెక్క చూసుకుంటే నీదే పెద్ద మొద్దుతనం.

కర్టెన్ ఇంకా తియ్యలేదు. ఉతకడానికి వేద్దామనుకుని మళ్ళీ వదిలేశాను.

ఆపా


మంచం మీద, కిటికీ పక్కన

పెద్ద ఖాలాకి,

అస్సలాము అలైకుం.

ఇది నేనే రాస్తున్నాను. అమ్మీ చూడలేదు. అబ్బా పోస్టు చేస్తానన్నారు, చదవనని కూడా మాటిచ్చారు. అబ్బా మాట తప్పరు, నీకు తెలుసు కదా.

నాకు కళ్ళద్దాలు వచ్చాయి. ఇప్పుడు అన్నిటికీ అంచులున్నాయి. దర్జీ అంకుల్‌కి గడ్డంలో తెల్లవెంట్రుకలున్నాయి. చెట్టు అంటే ఒకటే పచ్చ ముద్ద అనుకున్నాను, చాలా ఆకులట. మన చంద్రుడు చాలా సన్నగా ఉన్నాడు. ఇంత గోల ఈయన కోసమా అనుకున్నాను.

అల్మారా పైన బిస్కెట్ల డబ్బా ఉంటుంది. దాని మీద ఏదో రాసి ఉందని ఇదివరకు తెలియదు. "ముట్టుకోకు" అని రాసి ఉంది. కుర్చీ వేసుకుని తీశాను. బిస్కెట్లు లేవు, నీ ఉత్తరాలున్నాయి. అమ్మీ రాసినవి కూడా ఉన్నాయి, పంపే ముందు ఇంకో కాగితం మీద రాసుకుంటుంది కదా, అవి. అన్నీ చదివాను. నిటారుగా కూర్చునే చదివాను. రెండుసార్లు.

మీ ఇద్దరి దస్తూరీ బాగాలేదు. నాకు తెలియని మాటలు చాలా ఉన్నాయి. "వెటకారం" అంటే ఏమిటని అబ్బాని అడిగితే "మీ అమ్మీని, ఖాలాని కలిపితే వచ్చేది" అన్నారు. నువ్వు నన్ను పొగరు అన్నావు. అమ్మీ మేడ మీద అన్నది. నేను మొద్దు కాదు, పొగరు కాదు, అదబు కూడా కాదు. నాకు కనిపించలేదు, అంతే. నా గురించి అన్ని కాగితాలు రాశారు, అంత చిన్న విషయం ఒక్క కాగితంలో కూడా లేదు. మీ ఇద్దరికీ మార్కులు వెయ్యాలంటే ఇద్దరికీ సున్నా. నీ ఆఖరి ఉత్తరానికి మాత్రం పాస్.

స్కూలుకి వస్తానో రానో ఇప్పుడే చెప్పను. ముందు వరసలో చోటిస్తే ఆలోచిస్తాను. ఆ టీచరు బోర్డు మీద రాసేటప్పుడు గట్టిగా చదువుతూ రాయాలి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా ఉంటుంది. తీసెయ్యమని అనకూడదు.

ఇంకొకటి. నీ వెనక గదిలో కర్టెన్ గురించి నేను వెటకారం చెయ్యలేదు. నాకు నిజంగా చుక్కలే కనిపించాయి, నిజంగానే బాగున్నాయి. అవి పిట్టలని నాకు ఎవరూ చెప్పలేదు. పడుకునే ముందు రోజూ వాటిని చూసేదాన్ని. నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉండేదానివి, నువ్వు కూడా చుక్కల్లాగే ఉండేదానివి.

సెలవుల్లో వస్తాను. నేను వచ్చి చూసేదాకా దాన్ని ఉతకొద్దు, తియ్యొద్దు. నువ్వు కూడా అక్కడే నిలబడు.

బుల్‌బుల్